శనివారం తాళాలు

మొన్న మా తమ్ముడి కూతురు యాప్రాల్ నుంచి వచ్చింది. ఈ ఏడే ఎమ్మే సోషియాలజీలో చేరింది. నేను బీరకాయలు చెక్కు తీస్తుంటే ఎదురుగా కూర్చుని, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అడిగింది: "అత్తా, సర్వేకు పోయినప్పుడు ఇల్లు తాళమేసి ఉంటే పక్కింటోళ్ళను అడగొచ్చు గదా? మా సారు అడగొచ్చన్నడు." "అడగొచ్చు బిడ్డా" అన్నాను గానీ, చేతిలో బీరకాయ అట్లాగే ఉండిపోయింది. దాని మీద ఇంకొక మాట చెప్పడం నేర్చుకోవడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది మరి.

అదే ఎమ్మేలో నేనూ చేరాను, మా అబ్బాయి ఉద్యోగంలో కుదురుకున్నాక. అంతకుముందు బడి బెంచీ మీద కూర్చున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఆయాసం. మేడ్చల్ రోడ్డు దుమ్ముకు నాలుగడుగులు వేస్తే పిల్లికూతలు వచ్చేవి. అందుకని బియ్యం మిల్లులో గుమాస్తా చేసే మా నాయినే ఇంట్లో చదువు చెప్పి, డిగ్రీ దాకా పరీక్షలు బయటినుంచి కట్టించాడు. తౌడు వాసన వేసే చొక్కాతోనే కూర్చుని పాఠం చెప్పేవాడు. నా భాగ్యం, అంతకంటే మంచి పంతులు ఎవరికి దొరుకుతాడు. తీరా ఈ వయసులో క్లాసుకు పోతే పిల్లలంతా "ఆంటీ, ఆంటీ" అని చుట్టూ చేరేవాళ్ళు. నోట్సు కోసం కొంత, నా టిఫిన్ డబ్బాలోని పులిహోర కోసం కొంత.

అన్ని పేపర్లలోకీ నన్ను భయపెట్టింది పరిశోధనా పద్ధతులు. పరికల్పన, చరరాశి, నమూనా అని మేడం బోర్డు మీద రాస్తుంటే, దేవుడా గట్టెక్కించు అనుకునేదాన్ని. నమూనా అంటే అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడడమేనని ఒకరోజు ధైర్యం చేసి అన్నాను. పిల్లలు నవ్వారు. మేడం నవ్వలేదు. "అంతేనమ్మా. కానీ మెతుకు గిన్నెలో ఎక్కడ పట్టినవో కూడా చెప్పాలె" అన్నది. ఆ మాట రాసుకున్నాను గానీ ఒంటబట్టలేదు.

ప్రాజెక్టుకు నేను ఎంచుకున్నది శామీర్‌పేట చెరువు పక్కన చేపలమ్మే ఆడవాళ్ళ దినచర్య. పోయేది శనివారాలు. మా దిక్కు శనివారం నీసు ముట్టని ఇళ్ళే ఎక్కువ. చేపలు కొనేవాళ్ళుండరు, కాబట్టి అమ్మేవాళ్ళు ఇంటిపట్టున దొరుకుతారు. మాకు క్లాసులూ ఉండవు. పైగా నాకు వెంకన్న ఒక్కపొద్దు, తిండి రంది కూడా లేదు. అన్నీ స్వామే కుదిర్చాడని సంబరపడ్డాను. నాలుగిళ్ళకొకటి చొప్పున గల్లీ వెంట పోవడం, తాళం కనబడితే పక్కింటి తలుపు కొట్టడం. ఎవరూ కసురుకోలేదు. ఒక అవ్వయితే నేను ఒక్కపొద్దంటే కూడా వదల్లేదు. "చాయ్‌కి ఏ దేవుడు అలగడు తాగు బిడ్డా" అని గ్లాసు చేతిలో పెట్టింది. ఇట్లా రాసుకొచ్చినవన్నీ కూర్చి, 'శనివారం ఈ స్త్రీలకు విశ్రాంతి దినం' అని ఒక వాక్యం రాశాను. అది ఎంత బాగా కుదిరిందనుకున్నానో, మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను.

ప్రాజెక్టు ఇచ్చే గడువు దగ్గర పడింది. మిగిలిన ఒకటి రెండు వివరాల కోసం ఒక శనివారం పొద్దున్నే మేడ్చల్‌లో శామీర్‌పేట ఆటో కోసం నిలబడ్డాను. అటునుంచి వచ్చిన ఆటోలోంచి ఒకామె గంప దించుకుంటోంది. మీద తడి గోనె, కింద రవ్వ చేపలూ బొచ్చె చేపలూ. ఉండబట్టక అడిగాను: "శనివారం ఎవరు కొంటరక్కా?"

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "కాయితాలు పట్టుకొని మా గల్లీల తిరిగేది నువ్వే గదా? నా బదులు మా పక్కింటామె సంగతి రాసుకపోయినవంట. తాళమేసిన ఇల్లు నాదే." తర్వాత జాలిపడ్డట్టు నవ్వి, "నీ శనివారం జీడిమెట్ల కంపెనీలల్ల పనిచేసే బీహారోళ్ళకు ఉంటదా, ఒడిశోళ్ళకు ఉంటదా? మాకు అసలు గిరాకీ ఇయ్యాల్నే. మొగుడు చెరువుల చేపలు పట్టే సంఘంల ఉన్నామె ఇంటికాడ అమ్ముకుంటది. నాకు మొగుడు లేడు, వాటా లేదు. నాసోంటోళ్ళం ఓ పదిమందిమి చేపలు కొనుక్కొని గింత దూరం పోతం. ఏం రాసినవ్ మరి మా గురించి?" అన్నది.

విశ్రాంతి దినం అని రాసినట్టు ఆమెకు ఎట్లా చెప్పను? బస్సొచ్చింది, ఆమె వెళ్ళిపోయింది. నేను శామీర్‌పేట ఆటో ఎక్కకుండా ఇంటికి తిరిగొచ్చాను. గల్లీలో అందరికంటే ఎక్కువ కష్టపడే ఆడవాళ్ళే నా ప్రాజెక్టులో లేరు. పక్కింటి తలుపు కొట్టానే గానీ, తాళమేసినామె ఎటు పోయిందని అడగలేదు. నేను ఒక్కపొద్దుండే రోజునే వెతికాను, ఆ రోజున దొరికేవాళ్ళే దొరికారు.

గడువు దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. "ఎవరు చూస్తరు ఆంటీ, ఇచ్చేయుండ్రి" అన్నారు పిల్లలు. మేడం మాత్రం, "చేయగలిగితే చెయ్యమ్మా. రోజులు మాత్రం పెంచలేను" అన్నది. ఇంట్లో అత్తమ్మ సంగతి వేరు. "శనివారం పూట తలకు పోసుకొని చేపల గంప పక్కన కూసుంటవా?" అని అడిగింది. నాకూ మనసులో అదే పీకుతోంది. దీపం పెట్టి స్వామి ముందు చాలాసేపు కూర్చున్నాను. లేచి చూస్తే అత్తమ్మ నా చెప్పులు గడప దగ్గర పెట్టి నిలబడి ఉంది. "గంగమ్మ బిడ్డలే గదా వాళ్ళు, పో. వచ్చినంక కాళ్ళు కడుక్కొని లోపటికి రా" అన్నది. ఆమెకు నేను ఎన్ని జన్మలు రుణపడ్డా తక్కువే.

ఇక మిగిలిన శనివారాలన్నీ వాళ్ళతోనే. సుచిత్ర చౌరస్తా దాకా కిక్కిరిసిన బస్సులో, చీర కుచ్చెళ్ళ మీద గంప నీళ్ళు కారుతుంటే, ఒక్కొక్కరినీ అడుగుతూ రాసుకున్నాను. కండక్టరు సణిగితే ఆ తాళమేసిన ఇంటి అక్క ఊరుకునేది కాదు. "నాకు ఫ్రీ, నా చేపలకు టికెట్టు. వాటిని ఆడోళ్ళ కింద లెక్కపెట్టరాదా?" బస్సంతా నవ్వేది. జీడిమెట్లలో కంపెనీ గేటు దగ్గర షిఫ్టు వదిలేదాకా ఎండలో నిలబడేవాళ్ళం. కూలీలు మూగితే ఆమె తెలుగు ఆపి, "తాజా హై భయ్యా, జల్దీ లేలో" అని ఉర్దూ అందుకునేది. నా కడుపు ఖాళీ, ఆమె కడుపూ ఖాళీయే. నాది మొక్కు, ఆమెది గిరాకీ.

ఆ వాక్యం కొట్టేశాను. ఇంటి దగ్గర దొరికినవాళ్ళది ఒక అధ్యాయం, తాళమేసి పోయినవాళ్ళది ఒక అధ్యాయం, నా పొరపాటు ఎట్లా జరిగిందో మధ్యలో కొన్ని పేజీలు. గడువు రోజు ఇచ్చాను. మౌఖిక పరీక్షకు బయటి యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆ పేజీల దగ్గరే ఆగాడు. "మధ్యలో పద్ధతి మార్చారు. ఇది లోపం కాదా?" అన్నాడు. మేడం నా వైపు చూడలేదు. "లోపమే సార్. దాన్ని దాచిపెడితే అబద్ధమైతుంది. అందుకే అన్నీ రాసిన" అన్నాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, ఆ పేజీలు తన విద్యార్థులకు చదివి వినిపించడానికి కాపీ కావాలని అడిగాడు. ఫలితాల్లో ఆ పేపరుకు క్లాసులో నాదే మొదటి మార్కు. గర్వం మంచిది కాదంటారు. స్వామి నన్ను మన్నించాలి, ఆరోజు మాత్రం గర్వపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను.

తర్వాతి శనివారం మేడ్చల్‌లో అక్కకు ఆ సంగతి చెప్పాను. "పాసైనవా? మంచిగైంది. ఇగ గీ గంప ఎత్తు, బస్సొచ్చింది" అన్నది. ఎత్తాను. ఈ వయసులో చదువేమిటని అడిగినవాళ్ళున్నారు. ఇరవై ఏళ్ళప్పుడే నాకు ఆ చదువు దొరికి ఉంటే, తోవలో కనబడ్డ మనిషిని ఆగి అడిగే నిదానం నాకు ఉండేది కాదు. కాలం నాకు ఆలస్యం చేసిందనుకుంటూ వచ్చాను గానీ, ఆ ఏళ్ళన్నీ అది నాకు నిదానమే నేర్పుతూ ఉన్నది.