ఇశ్రాయేలు మామ పండగ చొక్కా

మా ఇశ్రాయేలు మామకు సర్కారు గురించి తెలియని సంగతి లేదు. మా పల్లెకు వచ్చిన చిక్కంతా అదే.

అవి మద్రాసు సర్కారు రోజులు. మామ మార్కాపురం పలకల గనిలో కూలి. బండ జారి కాలు దెబ్బతిన్నప్పటి నుంచి, ఆరు మైళ్లు కుంటుకుంటూ పోయేసరికి బాగా పొద్దెక్కేది. "ఇంకోసారి ఆలస్యమైతే మళ్లీ రావద్దు" అని మేస్త్రీ తెగేసి చెప్పాడు.

సరిగ్గా అప్పుడే మార్కాపురం నుంచి దోర్నాలకు మోటారు బస్సు వేస్తారని, అది ఎక్కడెక్కడ ఆగాలో చూడటానికి ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. జనం ఎక్కువున్న చోటే ఆపుతారట. మా పల్లె దగ్గర బస్సు ఆగితే మామకు పని నిలుస్తుంది, లేకపోతే ఊడుతుంది.

మామ చర్చి గంట కొట్టి అందరినీ పోగుచేశాడు.

"రేపు మూటాముల్లె సర్దుకొని అందరూ బాట మీద నిలబడాల. బస్సు కోసం చూస్తున్నట్టు ఉండాల."

"అయితే క్రిస్మస్ గుడ్డలు తీస్తా. ఊరికి పొయ్యేటోళ్లు మంచివి కట్టుకుంటారు గదా" అంది సామ్రాజ్యం అత్త.

"నీకేం తెలుసే? మంచివి కడితే, వీళ్లకు బస్సెందుకు, కారే కొనుక్కుంటారంటాడు. సర్కారు ముందుకు పోతే చినిగిందే తొడగాల. మా నాయన కాలం నుంచి ఇంతే."

అది నిజమే. తాసీల్దారు దగ్గర అర్జీకైనా, మిషను వాళ్ల బియ్యానికైనా మా పల్లె చిరుగులతోనే పోయేది. మంచి చొక్కా దేవుడికి, చినిగిన చొక్కా దొరకు.

తెల్లారేసరికి పల్లె మొత్తం బాట మీద ఉంది. ఒంటి నిండా చిరుగులు, నెత్తిన మూటలు, చంకల్లో పిల్లలు. ముసలి హన్నమ్మ ప్రయాణం నిజమనిపించాలని కోడిని కూడా తెచ్చుకుంది. ఆఫీసరు కారు దిగి నిర్ఘాంతపోయాడు.

"ఎక్కడికి పోతున్నారు?"

"మార్కాపురం సార్. పనికి" అన్నాడు మామ.

"అందరూనా? ఏమన్నా తిన్నారా?"

"యాడ తిన్నాం నాయనా, చీకటితోనే వచ్చి నిలబడితిమి" అంది హన్నమ్మ.

ఆఫీసరు కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ నా వైపు చూసి కన్ను గీటాడు.

దోర్నాల వైపు ఇంకో ఐదు మైళ్లు అవతల నాగేశ్వర్లు శెట్టి దుకాణం. అక్కడ శెట్టి ఒక్కడే జరీ పంచె కట్టి, గొడుగేసుకొని నిలబడ్డాడు. ఆ ఒక్కడికీ బస్సు మంజూరైంది. మాకు కరువు మంజూరైంది.

ఊరు ఊరంతా పొట్ట చేతబట్టుకొని వలస పోతోందని ఆఫీసరు పైకి రాశాడట. నెల తిరక్కుండా పల్లె ముందే కరువు పని పెట్టారు. కంకర కొట్టడం, ఆ బాటకే పరవడం. గంజి కూడా పోశారు. దొర జాలిపడితే కాదనేదెట్ల? మామ గని మానుకొని సుత్తి పట్టాడు.

మేం నున్నగా చేసిపెట్టిన బాట మీద బస్సు మా ముందే రివ్వుమని పోయేది. శెట్టి దుకాణం దాకా వెనక్కి నడిచి ఎక్కేదానికంటే గనికి నడవడమే నయం. కరువు పని అయిపోయాక మామ మేస్త్రీ కాళ్లావేళ్లా పడి మళ్లీ చేరాడు. షరతు పాతదే. రోజూ పొద్దున బస్సుకు చెయ్యెత్తేవాడు. సలాము చేస్తున్నాడనుకొని డ్రైవరు కూడా చెయ్యెత్తి పోయేవాడు. నాకు ఒళ్లు మండేది.

అత్త ఒకరోజు పండగ చొక్కా తీసి మామ ఒళ్లోకి విసిరింది. "ఇది తొడుక్కొని నిలబడు, చూస్తా."

మామ గొణుక్కుంటూ తొడుక్కున్నాడు. బస్సు ఆగింది. "రండి సార్" అన్నాడు కండక్టరు.

ఆ ఏడాదంతా మామ వేళకు గనికి పోయాడు. కానీ ఉన్నది ఒకటే చొక్కా. రోజూ పలకల దుమ్ము, రోజూ బండకేసి ఉతుకుడు. క్రిస్మస్ ఇంకా రాకముందే భుజం దగ్గర పర్రున చినిగింది. అత్త దీపం దగ్గర పెట్టుకొని ఎంత సన్నగా కుట్టినా అతుకు కనబడుతూనే ఉంది.

మర్నాడు మామ అదే తొడుక్కొని బాట మీద నిలబడి చెయ్యెత్తాడు. డ్రైవరు కూడా చెయ్యెత్తి పోయాడు.