మసక ఫొటోలోని ఉల్లంకి

నిజాం సర్కారు పోయిన కొత్తల్లో మా బాపు మంచిర్యాలలో బడిపంతులు. గోదావరి ఇసుకలో తిరిగే ఉల్లంకి పిట్టలంటే ఆయనకు ప్రాణం. ఎక్కడో పాత డబ్బా కెమెరా ఒకటి సంపాదించాడు. చలికాలం వచ్చిందంటే చాలు, పొద్దున్నే ఇసుకలో బోర్లా పడుకునేవాడు. ఫొటోలో పిట్ట చింతగింజంత పడేది. దాన్ని భూతద్దం కింద పెట్టి, ఇదేదో చెప్పమని నన్ను సతాయించేవాడు.

ఊళ్లో అందరికీ అవన్నీ ఒకటే ఉల్లంకి. మా ఇద్దరికి మాత్రం మూడు. వీపంతా చుక్కలుండి, కంటి మీది తెల్లగీత కన్ను దాటి వెనక్కి పోతే అది చుక్కలది. గీత కంటి దగ్గరే ఆగి, వీపు నల్లగా ఉంటే నల్లవీపుది. పొట్ట తెలుపు రెక్క ముందు నుంచి భుజం దాకా ఎగబాకితే తెల్లభుజంది. కాళ్ల రంగు చూస్తే సగం పని అయిపోయేది. కానీ నలుపు తెలుపు ఫొటోలో పసుపు కాళ్లేవి, ఆకుపచ్చ కాళ్లేవి? గుర్తులు చెప్పకుండా ఉత్త పేరు చెబితే బాపు ఒప్పుకునేవాడు కాదు.

నన్ను జైనూర్‌లో ఇచ్చారు. చుట్టూ గుట్టలు, అడవి. అత్తవారు మంచివాళ్లే, కానీ పుట్టింటి మనిషి వచ్చి అడగనిదే కోడలు గడప దాటే ఆనవాయితీ లేదు. బాపుకేమో ఊరికే బిడ్డ ఇంటికి పోతే చులకనైపోతామని మొహమాటం. రావడానికో పని ఉండాలి. అందుకని మొదటి చలికాలమే ఉత్తరంలో ఒక ఫొటో పెట్టి పంపాడు. పిట్ట పేరు చెప్పలేకపోతే తానే వచ్చి, తీసుకుపోయి చూపిస్తానని రాశాడు. పొగరుబోతుదాన్ని, సరిగ్గా చెప్పేశాను. మెచ్చుకుంటూ కార్డు వచ్చింది గానీ బాపు రాలేదు. ఆ కార్డు పట్టుకుని ఎంత ఏడ్చానో.

మరుసటి ఏడు బుద్ధి వచ్చింది. చుక్కలదాన్ని పట్టుకుని నల్లవీపుది అని రాశాను. వారం తిరక్కముందే బాపు దిగాడు. మా మామ ముందు నిలబడి, "పాఠం సగంల ఆగింది బావా, జర బిడ్డను పంపుండ్రి" అన్నాడు. మామ పడి పడి నవ్వి పంపాడు. ఆ పది రోజులూ గోదావరి గాలి, నన్ను కన్న అవ్వ చేసిన సర్వపిండి. ఇసుకలో పిట్టను చూపిస్తూ బాపు నా మొహంలోకి చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు. ఆ పై ఏడూ తప్పే రాశాను.

కానీ మా అత్త ఊరుకుందా! పంతులు బిడ్డకు పిట్ట కూడా తెలియదట అని ఇంటికొచ్చిన వాళ్లందరితో చెప్పి నవ్వేది. నాకు ఒళ్లు మండేది. నాలుగో ఏడు వచ్చిన ఫొటో ఉత్త మసక. చుక్కల్లేవు, కంటిగీత లేదు, అంతా అలుక్కుపోయింది. చూడగానే పౌరుషం పొడుచుకొచ్చింది. రెండు పూటలు భూతద్దం దించలేదు. భుజం దగ్గరి తెలుపు మాత్రం ఆ మసకలోనూ నిలిచి ఉంది. తెల్లభుజంది అని గుర్తులతో సహా రాసి, అత్తకు చదివి వినిపించి మరీ తపాలాలో వేయించాను.

కార్డు వచ్చింది. "సరిగ్గ చెప్పినవ్ బిడ్డా. నా కన్ను కంటె నీ కన్నే మంచిగున్నది." అక్షరాలు వంకరపోయి ఉన్నాయి. నేను అది పట్టించుకోలేదు, కార్డు కూడా అత్తకు చూపించి మురిసిపోయాను. ఆ నెలలోనే కబురొచ్చింది. నేను పోయేసరికి బాపు లేడు.

దినాలయ్యాక అవ్వ చెప్పింది. మంచం దిగలేని మనిషి ఆ ఫొటో కోసం ఒక పూట పట్టుబట్టి ఇసుకలోకి పోయాడట. నేను ఫికర్ పడతానని రోగం సంగతి ఎవరినీ రాయనియ్యలేదట.

"కావాల్ననే చెయ్యి కదిలిచ్చి తీసిండు బిడ్డా. ఈసారి దానికి తెల్వద్దు అన్నడు. నువ్వు తప్పు రాస్తె బండిల పండుకొనైనా వచ్చి నిన్ను తోల్కొస్తనన్నడు."

ఆ ఫొటో ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఎవరైనా చూసి ఇదేం పిట్ట అని అడిగితే, తెలియదనే చెబుతాను.