నలభై ఒకటి

ఇన్నేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. ఒకటి. అంతే. ప్రార్థనలో మోకరించినప్పుడు కూడా దాన్ని పక్కకు నెట్టి మిగతా పాపాలే ఒప్పుకున్నాను. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెబుతున్నాను.

నేను అయిదో తరగతి దాటలేదు. ఆళ్లగడ్డలో మా అన్న పాఠాలు గట్టిగా చదువుతుంటే, పొయ్యి దగ్గర కూర్చున్న నాకు అవి నోటికి వచ్చేసేవి. నన్ను ఆరో తరగతికి పంపాలా వద్దా అని నాయన ఆలోచిస్తున్న రోజు అన్న నవ్వాడు.

"దానికి బడెందుకు నాయనా? ఒక్కసారి ఇంటే తలకాయలో ఉంటాది. ఇంటికాడుంటే నాకు నోటుబుక్కు."

అందరూ నవ్వారు. నా పలక అటకెక్కింది. నా బుద్ధినే చూపించి నా బడి మాన్పించాడు. మరచిపోగలనా? ఏదీ మరచిపోని దాన్ని కదా.

పెళ్లై నంద్యాల వచ్చాను. ఎనభైల్లో, టీవీ ఇంకా ఇంటింటికీ రాని రోజుల్లో, అన్న సొంతంగా ఒక టీవీ చేయాలనుకున్నాడు. బొమ్మ సరిగ్గా వస్తే మెకానిక్కుగా పెట్టుకుంటానని నంద్యాల బజారులో ఒక రేడియో షాపాయన మాటిచ్చాడు. అన్నకు అప్పటికి ఏ పనీ లేదు. ఎవరో లెక్చరర్ దగ్గర పుస్తకం తెచ్చుకుని, మా ఇంట్లో కూర్చుని, స్టేషన్ పట్టే ట్యూనర్ ఏది కొనాలి, సిగ్నల్ నుంచి బొమ్మను విడదీసే ఐసీ ఏది పెట్టాలి అని నెల రోజులు ఎంచాడు. ఐసీలు రెండు, చూడ్డానికి కవలలు. 2540, 2541. తన ట్యూనర్‌కు నలభై ఒకటే పనికొస్తుందని, నలభై పెడితే సిగ్నల్ తగ్గినప్పుడు గట్టిగా లాగాల్సిన ట్యూనర్ చేతులెత్తేస్తుందని నాకు చెప్పి, పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. రాసుకోలేదు. నోటుబుక్కును నేనున్నాను కదా.

అన్న ఆళ్లగడ్డకు పోయి ఉన్నప్పుడు, మద్రాసు పోతున్న మా వీధి టైలరు వచ్చి అన్నకు ఏమేం తేవాలని నన్ను అడిగాడు. ట్యూనర్ పేరు సరిగ్గానే చెప్పాను. ఐసీ దగ్గర 2540 అన్నాను. నోరు జారలేదు. బియ్యం ఏరుతూ, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాను.

ఐసీ వచ్చాక అన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నలభై ఒకటి కదమ్మీ నేను చెప్పింది?"

"నలభై అంటివన్నా."

"నీ తలకాయలో ఉండేదే నిజంలే. నేనే తికమకపడినా."

అప్పుడైనా చెప్పవచ్చు. మార్చి తెప్పించడానికి రోజులున్నాయి. ఎందుకు చెప్పలేదు? భయమా? కాదు. తన కళ్లకన్నా నా మాట నమ్మాడే, ఆ క్షణం బెల్లంముక్కలా కరుగుతుంటే ఉమ్మేయబుద్ధి కాలేదు.

అప్పట్లో ఆళ్లగడ్డకు సిగ్నల్ అందేది కాదు, నంద్యాలకూ అంతంతమాత్రమే. అందుకే ఊళ్లో బిగించిన సెట్టును తెచ్చి మొదటిసారి నంద్యాల షాపు ముందే పెట్టాడు. జనం మూగారు. తెరంతా నువ్వులు చల్లినట్టు చుక్కలు.

"ఏమప్పా, దీంట్లో వాన పడతాందే!" అన్నారెవరో.

షాపాయన లోపలికి పోయాడు. అన్న సెట్టును దుప్పట్లో చుట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. ఎదురుగా కొంగు అడ్డం పెట్టుకుని నేను నవ్వాను. అవును, నవ్వాను.

అన్న మళ్లీ అలాంటి పని ముట్టలేదు. ఆళ్లగడ్డలో పిండిమరకు పోయి, ఊరి జొన్నలు పిండి పడుతూ ముసలివాడయ్యాడు. ట్యూనర్ ఎంచడంలో తానే తప్పు చేశానని ఈనాటికీ చెప్పుకుంటాడు. మొన్న ఆ నంబర్లు గుర్తున్నాయా అని అడిగాడు. మరచిపోయానన్నాను.

పశ్చాత్తాపమా? కొన్ని రోజులుంటుంది. మిగతా రోజులు నా పలక గుర్తొస్తుంది.

మా అన్న సరిగ్గానే ఎంచాడు. ట్యూనర్ సరైనదే. ఐసీ 2541. తలలో ఉన్నదాన్ని మొదటిసారి కాగితం మీద పెట్టాను. చెయ్యి కొంచెం తేలికయ్యింది.