స్టీరింగ్ ఎవరిదో పాట వాళ్లది

అమెరికాలో క్యారీ అనే ఊళ్లో ముగ్గురం ఆడపిల్లలం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండి మాస్టర్స్ చదివేవాళ్లం. ముగ్గురికీ కలిపి ఒక పాత కారు. అందులో ఉన్నది క్యాసెట్ ప్లేయరే. అదీ బుద్ధి పుట్టినప్పుడల్లా టేపు నమిలేసేది. ఎవరి క్యాసెట్ పెట్టాలని రోజూ కీచులాట. ఆ పోరు పడలేక మాలో వరంగల్ పిల్ల ఒక రూలు పెట్టింది. స్టీరింగ్ ఎవరిదో పాట వాళ్లది. మిగతావాళ్లు నోరు మూసుకుని వినాలి. నాకు డ్రైవింగ్ రాదు. కాబట్టి నోరు మూసుకునే ఉద్యోగం నాకు పర్మనెంటయింది.

వరంగల్ పిల్ల నడిపితే జానపదం. ఆ గాయని ఈ గట్టు మీద పాడితే ఆ గట్టు మీదివాళ్లు తలెత్తి చూడాల్సిందే. మొదట్లో నాకు తలనొప్పి వచ్చేది. నెల తిరిగేసరికి గిన్నెలు తోముతూ నేనే ఆ పాటలు పాడుతున్నాను. బెజవాడ పిల్ల నడిపితే పాత సినిమా పాటలు. ఆ గాయని ఊపిరి ఎక్కడ తీసుకునేదో కనిపెడదామని ఎంత చెవి ఒగ్గినా దొరికేది కాదు. ఇవి కాక, కారు అమ్మినావిడ డాష్‌బోర్డ్ అరలో మరిచిపోయిన, అక్కడి పల్లె బాణీ కంట్రీ పాటల క్యాసెట్ ఒకటి ఉండేది. ఆ అమెరికన్ గాయని మాటలు సగం అర్థమయ్యేవి కావు గానీ, ఎవరి మీదో అలిగిందని తెలిసేది. అలగడం నాకు బాగా వచ్చిన విద్య. ఆ గాయనులు ముగ్గురూ ఇప్పటికీ నాకు ఇష్టమే.

"నీ సింగర్ ఎవరే? చెప్పరాదు," అనేది వరంగల్ పిల్ల.

"నాకెవరూ లేరు," అని కసిరేదాన్ని.

శుద్ధ అబద్ధం. నా సూట్‌కేసులో చున్నీలో చుట్టిపెట్టిన క్యాసెట్ ఒకటుంది. అందులో పాడింది మా అమ్మ.

అమ్మ వంట చేస్తున్నంతసేపే పాడేది. ఎవరైనా పాడమంటే "నా మొహం, నాకేం వచ్చు" అని లేచిపోయేది. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న టేప్‌రికార్డర్‌ను బియ్యం డబ్బా వెనక దాచి రికార్డు చేశాను. తిడుతుందని చెప్పలేదు. నేను అమెరికా వచ్చే ముందు ఏడాది థైరాయిడ్ ఆపరేషనై అమ్మ గొంతు బొంగురుపోయింది. "పోతే పోయిందిలే, నేనేమన్నా కచేరీలు చేశానా" అని తేల్చేసింది. నేను మాత్రం బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆ గొంతు ఇక ఆ క్యాసెట్‌లో తప్ప ఎక్కడా లేదు.

ఆ క్యాసెట్ వినాలంటే మాకున్నది ఆ కారే. అడిగితే ఇద్దరూ కాదనరు. కానీ తిరగమోత చిటపటల మధ్య పాట విని నవ్వితే? నవ్వారంటే జన్మలో క్షమించను. నా సంగతి నాకు తెలుసు. అందుకని అడగలేదు. డ్రైవింగ్ నేర్చుకుని, నా వంతు వచ్చాక దర్జాగా పెడదామనుకున్నాను.

వరంగల్ పిల్లే నేర్పింది. "గట్ల గుంజకే, స్టీరింగ్ ఊడొస్తది," అని ఒకటే గోల. రోడ్ టెస్ట్ మొదటిసారి స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగనందుకు ఫెయిలయ్యాను. రెండోసారీ అక్కడే ఆగలేదు. పైగా ఆగానని పరీక్ష పెట్టినావిడతో వాదించాను. మూడోసారి నోరు మూసుకుని పాసయ్యాను.

ఆ శనివారం పొద్దున ఇండియన్ స్టోర్‌కి బయల్దేరాం. స్టీరింగ్ నాది. కారు కదిలించకముందే క్యాసెట్ పెట్టాను. టేపు నమలడం మొదలుపెడితే లాగేద్దామని ఒక వేలు బటన్ మీదే ఉంచాను. పాట మొదలైంది.

"ఎవరే ఈమె? మస్తు పాడుతున్నది," అంది వరంగల్ పిల్ల.

"మా అమ్మ."

ఇద్దరూ నవ్వలేదు. బెజవాడ పిల్ల తన సెల్‌ఫోన్ తీసి, "ఆంటీ ఎప్పుడైనా విన్నారా ఇది?" అని అడిగింది. లేదన్నాను. మా ఇంటి నంబరు అడిగి, ఇండియాకి చేసే కాలింగ్ కార్డ్ అంకెలతో సహా తనే నొక్కి ఫోన్ నా చేతికిచ్చింది.

"అమ్మా, ఒక పాట వినిపిస్తా, విను," అని టేపు వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఫోన్‌ను తలుపులో ఉన్న స్పీకర్‌కు దగ్గరగా పట్టుకుని, నా చెవి కూడా అక్కడే ఆనించి వంగాను.

"ఎవరే ఆవిడ? ఎంత హాయిగా పాడుతోంది," అంది అమ్మ, ఆ బొంగురు గొంతుతోనే.

అంతలో టేపులో మా పాత కుక్కర్ కూసింది. దాని వెయిట్ వదులు, సగం కూతకే నీరసపడిపోయేది.

"అది మన కుక్కర్ కదే," అంది అమ్మ.

తర్వాత మాట లేదు. లైన్ కట్టయిందేమోనని భయపడ్డాను. పాట అయిపోయింది.

"అయితే నేను బాగానే పాడేదాన్నన్నమాట," అంది అమ్మ. "మళ్లీ పెట్టు."