తువ్వాల ముడి

రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లో, కాకినాడ నుంచి వచ్చి బోయిన్‌పల్లిలో ఒక్కణ్ణీ గది తీసుకున్నాను. రాంగోపాల్‌పేట్‌లో ఆఫీసు. పొద్దున్నే పరుగెత్తుతూ వెళ్లాలన్న పిచ్చి పట్టింది. పాదాలు ఉబ్బుతాయని బూట్లు ఒక సైజు పెద్దవి కొన్నాను. జేబులో నాలుగు ఖర్జూరాలు వేసుకున్నాను. సంచి సంగతే ఆలోచించలేదు. కాలేజీనాటి సంచిలో బట్టలు, టిఫిన్ డబ్బా కుక్కాను. అది అడుగడుక్కీ ఎగిరి వీపు మీద బాదేది. మూడో రోజుకి భుజాలు ఒరుసుకుపోయి బస్టాపులో కూలబడ్డాను.

పక్కన ఒక పెద్దాయన, కూరగాయల మార్కెట్లో మూటలు మోసి ఇంటికి పోతున్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"సంచి గిట్ల ఊగితే బరువు డబలైతది బిడ్డా. ఈపుకు అతుక్కోవాలె."

తలకు చుట్టిన తువ్వాల విప్పి, పట్టీల మీదుగా నా ఛాతీకి అడ్డంగా బిగించి ముడేశాడు.

"మరి మీకండీ?" అన్నాను.

"నా పని అయిపాయె. నువ్వు ఉరుకు. పోయినంక ఇంటికి ఫోన్ కొట్టు, చేరిన అని చెప్పు."

ఫోన్ చేయడానికి ఇంట్లో ఎవరూ లేరని చెప్పబోయాను. ఈలోగా ఆయన బస్సు వచ్చింది.

తర్వాత ఛాతీ పట్టీ ఉన్న మంచి సంచి కొన్నాను. మా వైపు 'చేరాను' అంటాం. నేను మాత్రం ఇప్పటికీ ఆఫీసు మెట్ల మీద బూట్లు విప్పుకుంటూ, ఎవరికీ వినపడకుండా "చేరిన" అంటాను.