లాల్‌బీ ఒళ్లో మజ్జిగ చెంబు

సైదులు బాగుచేసిన స్కూటరు వాళ్లమ్మ లాల్‌బీ సరేనంటే గాని అల్లూరు షాపులోంచి కదిలేది కాదు. ఆమెను వెనక కూర్చోబెట్టుకుని ఇసకపల్లి దారిన ఒక మైలు పోయి వచ్చేవాడు. ఆమె ఒళ్లో నిండుగా మజ్జిగ చెంబు. తిరిగొచ్చాక అందులో వేలు పెట్టి, ఎంత ఒలికిందో చూసి తీర్పు చెప్పేది. బండ్లున్న పెద్దమనుషులు మొదట్లో నవ్వారు. తర్వాత నోరు మూసుకుని విన్నారు. ఆ దారి సంగతి అట్లాంటిది మరి, సగం గుంతలు, సగం ఇసక.

ఆమె రెండు కళ్లకూ పొరలు కమ్మి నాలుగేళ్లయింది. స్కూటరు ఎట్లా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. ఎక్కి కూర్చుంటే మాత్రం ఇట్టే పోల్చేది. లాంబ్రెట్టా ఆమె లెక్కలో చూడిగేదె. గుంతలో నిదానంగా దిగి నిదానంగా లేస్తుంది గాని, ఇసకలో మొండికేస్తుంది. వెస్పా మేకపిల్ల. ఎగురుతుంది గాని, సందు దొరికితే గుంతను తప్పుకుపోతుంది.

తల్లీకొడుకులకు ఒక్క విషయంలోనే పడేది కాదు. సైదులు చక్రాలకు రాయిలాగా గాలి కొట్టేవాడు. మెత్తటి టైరంటే మెకానిక్కుకు నామర్దా అనుకునేవాడు.

"కొంచెం తియ్‌రా అబ్బయా, నడుం ఇరిగిపోతా ఉండాది" అనేది ఆమె.

"నీకేం తెలుసులేమ్మా" అనేవాడు.

అరవై నాలుగులో అల్లూరులో కంటి ఆపరేషన్ల శిబిరం పెట్టారు. లాల్‌బీకి కుడికంటికి చేసి, వారం ఉంచుకుని, ఇంటికి పంపుతూ డాక్టరు గట్టిగా చెప్పాడు.

"తల అదిరిందంటే కుట్లు తెగుతాయి. చూపు పోతే మళ్లీ రాదు."

ఇల్లు ఆ ఇసకపల్లి దారినే నాలుగు మైళ్లవతల. ఎద్దుబండి ఎక్కిస్తే ఆ దారిలో పళ్లే ఊడతాయి. సైదులు ఆలోచించి షాపులోంచి లాంబ్రెట్టా బయటికి తీశాడు. కళ్లకు కట్టుతో అరుగుమీద కూర్చున్న లాల్‌బీ ఆ చప్పుడు విని చెయ్యి అడ్డంగా ఊపింది.

"గేదె వద్దురా. ఇసకలో దిగబడితే కుదిపి లాగాల. మేకపిల్లను తియ్యి. గుంతల పక్కన కాలిబాట ఉండాది, దానిమింద పోనీ. ముందు గాలి తియ్యి."

వెస్పా కాంపౌండరు ముత్యాలయ్యది. అడిగితే, "తీసకపోవయ్యా, మీ అమ్మకంటే ఎక్కువా?" అన్నాడు. సైదులు చక్రం దగ్గర గొంతుకూర్చుని, బొటనవేలితో నొక్కి నొక్కి చూస్తూ, గాలి తీశాడు. ఈసారి ఎదురు చెప్పలేదు.

లాల్‌బీ చెంబు కూడా కావాలంది. చెంబు కుదురుగా ఉంటే తల కుదురుగా ఉన్నట్టేనట. నాలుగు మైళ్లకు గంటంబావు పట్టింది. నడిచిపోయేవాళ్లు వాళ్లను దాటిపోయారు. వీపుమీద మజ్జిగ ఎప్పుడు చల్లగా తగులుతుందోనని సైదులు దారి పొడుగునా బిక్కుబిక్కుమంటూనే ఉన్నాడు. ఇంటి ముందు దిగి చెంబులోకి చూశాడు. వేలెడు కూడా తగ్గలేదు. అంత మగాడూ గోడవైపు తిరిగి ఏడ్చాడు.

నెల తర్వాత కట్టు విప్పి, సోడాబుడ్డి అద్దాలిచ్చారు. లాల్‌బీ నేరుగా షాపుకొచ్చి ముందు కొడుకును చూసింది.

"నీ తల ఎప్పుడు నెరిసిందిరా?" అంటూ జుట్టు నిమిరింది.

సైదులు మురిసిపోయి రెండు స్కూటర్లూ ఆమె ముందు నిలబెట్టాడు.

"మేకపిల్ల ఏదో చెప్పుమా!"

లాల్‌బీ దీన్ని చూసింది, దాన్ని చూసింది. తెలియలేదు. సిగ్గుపడి నవ్వి, ఒకదాని వెనకసీటు ఎక్కి, అంత కష్టపడి తెచ్చుకున్న కళ్లు గట్టిగా మూసుకుంది.

"పోనీరా, చెప్తా."