గొడ్డలోడికి నా పేరు

మా చిన్నప్పుడు... జీడిపిక్కలు రాలే రోజుల్లో మా వీధి పిల్లలకీ కింది వీధి పిల్లలకీ రక్తాలు కారేలా కొట్లాటలు జరిగేవి. పిక్కలాటలో ఎవరో ఒకరు తొండి చేసేవారు... అంతే. రాళ్ళు లేచేవి, కర్రలు లేచేవి. దొరికినవాడిని ఇసకలో పడేసి, పచ్చి పిక్క చితక్కొట్టి దాని పాలు మెడకి పూసేసేవాళ్ళం. తెల్లారేసరికి బొబ్బలెక్కి తోలు ఊడిపోయేది. నా మెడ మీద వాళ్ళు పూసిన మచ్చ ఇప్పటికీ ఉంది.

నేను పొట్టిగా, లావుగా ఉండేదాన్ని. పరిగెత్తలేను. రాయి విసిరితే మావాళ్ళకే తగిలేది. అందుకని మా అన్న సింహాచలం నన్ను సందు మధ్యలో నిలబెట్టేవాడు.

"ఒసే దిమ్మా, నువ్వు పరిగెట్టక్కర్నేదు. ఇక్కడే నిలబడు. దగ్గరికొచ్చినోడి జుట్టు పట్టుకో. సంపీసినా వదలకు."

దిమ్మ అంటే చెక్క మొద్దు. నా పేరు అదే అయిపోయింది. వచ్చినవాడు గుద్దేవాడు, కరిచేవాడు... నేను జుట్టు వదిలేదాన్ని కాదు. ఈలోగా మావాళ్ళు వచ్చి వాడి వీపు చీరేసేవారు. సాయంత్రం ఆ పిల్లాడి తలకి మా అమ్మే పసుపు పెట్టి పంపేది...

పెద్దయ్యాక ఆ పిక్కలే నాకు కూడు పెట్టాయి. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి పప్పు తీసే పని. ఆ జిడ్డుకి వేళ్ళు నల్లబడి మొద్దుబారిపోయాయి.

నాకు ఒక్కడే కొడుకు, ఢిల్లేసు. ఫోన్లలో నెట్టు చవకైన కొత్తలో ఒక ఆట పట్టాడు. ఎక్కడెక్కడి పిల్లలో చేరి ఒకరినొకరు నరుక్కునే ఆట. వాడిది రెండు కత్తులోడి వేషం. గాల్లో పల్టీ కొట్టి మెడ కోసేవాడు. దానికి రెండు బొటనవేళ్ళూ మెరుపులా తిరగాలి...

ఇంటర్ అయ్యాక మా ఉద్దానం జబ్బు వాడికీ వచ్చింది. కిడ్నీలు పాడయ్యాయి. ఆసుపత్రిలో రక్తం కడిగే మిషను పక్కన పడుకోబెట్టి, ఎడమ చేతికి లావుపాటి సూదులు గుచ్చేవారు. ఆ చెయ్యి కదపకూడదు. ఒకసారి ఆట ధ్యాసలో కదిపేశాడు. సూది ఊడి రక్తం చిమ్మింది... దుప్పటి, నా చీర, ఫోను అన్నీ ఎర్రబడ్డాయి.

తర్వాత వెళ్ళినప్పుడు, "అమ్మా, వేషం మార్సీసేను" అన్నాడు.

చూస్తే ఫోనులో గొడ్డలి పట్టుకున్న బండోడు. పొట్టి, లావు.

"ఈడికి తెలివక్కర్నేదమ్మా. ఎవులైనా దగ్గరికొస్తే ఒక్క బొత్తం నొక్కితే సాలు, గొడ్డలి దానంతటదే గిరగిరా తిరుగుతాది. సేతకానోళ్ళ వేషం ఇది."

"ఒరే, ఈడు నానేరా" అని కింది వీధి కొట్లాట చెప్పాను. పడీ పడీ నవ్వాడు. గొడ్డలోడికి దిమ్మ అని పేరు పెట్టేశాడు.

అప్పటినుంచి ఫోను వాడి గుండెల మీద. కుడిచేత్తో వాడు నడిపేవాడు, బొత్తం నాది. నా మొద్దు వేలు ఫోనుకి తెలిసేది కాదు. "వేలు ముడిసి కణుపుతో నొక్కమ్మా" అన్నాడు. అప్పుడు ఫోనుకి తెలిసింది.

"ఇప్పుడు నొక్కు."

"ఎవుల్నిరా?"

"ఎవులైతే నీకేటి, నొక్కమ్మా."

గొడ్డలి తిరిగేది. తలలు ఎగిరేవి, రక్తం గోడలకి కొట్టేది. పక్క మంచం మీది ముసలాయన, "ఇయ్యాల ఎంతమందిని సంపీసేరే తల్లీకొడుకులు?" అని అడిగేవాడు.

ఒక్కడే మాకు లొంగలేదు. సాలూరు కుర్రాడు. వాళ్ళ నాన్నకి లారీ ఉందట. వాడిది రెండు కత్తులోడి వేషం. మమ్మల్ని పొడిచి, నరికి, పైగా ఫోనులోంచి ఎకసెక్కం...

"ఒరే దిమ్మా, సిగ్గు నేదేట్రా? ఒక్క బొత్తం మీద ఎన్నాళ్ళు బతుకుతావురా? సేతుల్లేవా నీకు?"

నా ఒళ్ళు మండిపోయింది. "నువ్వెక్కడ పడుకున్నావో సెప్పరా ఆడికి" అన్నాను.

ఢిల్లేసు ఫోను మీద అరచెయ్యి మూసి, "సెప్పకమ్మా. సెప్తే జాలిపడి ఊరికే సచ్చిపోతాడు. అలగ గెలిస్తే ఏటుంటాది? ఆడు గట్టిగా నరుకుతన్నప్పుడే పడాల. ఒక్కపాలి సాలు" అన్నాడు.

ఆ ఒక్కపాలి వాడు చూడలేదు. వానలు వెలిసేలోపే నా కొడుకు పోయాడు.

ఫోను మాత్రం మోగుతూనే ఉండేది. సాలూరు కుర్రాడు రాసిన మాట కూడబలుక్కుని చదివాను... 'ఏరా దిమ్మా, పారిపోయేవా?'

ఎలా ఊరుకుంటాను... ఆటలోకి దిగడానికి ఢిల్లేసు నొక్కగా చూసిన బొత్తం నేనే నొక్కాను. నడపడం నాకు రాదు. మా అన్న చెప్పినట్టే దారి మధ్యలో నిలబడ్డాను. వాడు వచ్చి నరికాడు. పడ్డాను. మళ్ళీ నిలబడ్డాను, మళ్ళీ పొడిచాడు. ఎన్నిసార్లు చచ్చానో...

ఒక మధ్యాహ్నం వాడు నా వెన్నులో కత్తి దించి, ఇంకోటి దించడానికి మీదకొచ్చాడు. బాగా దగ్గరికి రానిచ్చాను. కణుపుతో నొక్కాను. గొడ్డలి తిరిగింది. వాడు రెండు ముక్కలై పడ్డాడు.

ఫోనులో వాడు, "సంపీసావురా దిమ్మా... ఒప్పీసుకున్నాను" అన్నాడు.

నేను మాట్లాడలేదు. గొంతు వింటే తెలిసిపోతుంది కదా...

మా చిన్నప్పుడు ఎవరి తల పగిలిందో కళ్ళెదురుగా కనబడేది, పసుపు పెట్టడానికి వీలయ్యేది. ఇప్పుడు ఎవరు ఏ మంచం మీంచి కొడుతున్నారో ఎవరికి తెలుస్తుంది... మీ కొట్లాటల్లో మీది ఏ వేషం? ఉరికేవారా, నాలాగ నిలబడిపోయేవారా? రాయండి, మెల్లగా చదువుకుంటాను.

సాలూరు బాబూ, ఇది నీ కంట పడితే... ఆ మధ్యాహ్నం నువ్వు జాలిపడి పడలేదు నాయనా. గట్టిగా నరుకుతూ పడ్డావు. మావాడు అడిగింది అదే.